పైకప్పు మూసుకున్న సాయంత్రం: వింబుల్డన్‌లో నాలుగు రోజులు

జూలై 9, 2015, గురువారం

హీత్రూలో దిగేసరికి లండన్‌లో ట్యూబ్ (భూగర్భ మెట్రో) రైళ్లు ఒక్కటీ నడవడం లేదు. ముందురోజు సాయంత్రం మొదలైన సమ్మె ఈ రాత్రి దాకా ఉంటుందట. చెల్లి ఫోన్‌లో ముందే చెప్పింది: "అక్కా, ఎక్కడికీ కదలకు, నేనే వస్తా." దానిది హౌన్‌స్లో, విమానాశ్రయానికి దగ్గరే. ఇద్దరం కిక్కిరిసిన బస్సులో నిలబడి ఇంటికి చేరాం.

ఈరోజే వింబుల్డన్ టెన్నిస్ టోర్నీకి వెళ్లాలనుకున్నాను, కుదరలేదు. టీవీలో సెరెనా విలియమ్స్ షరపోవాని వరుస సెట్లలో ఓడించడం చూస్తూ కూర్చున్నా. నిజానికి నేను వచ్చింది సింగిల్స్ కోసం కాదు. ఇద్దరేసి జంటగా ఆడే మహిళల డబుల్స్ కోసం. ఏప్రిల్‌లో సానియా మీర్జా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయినరోజే ఈ ప్రయాణం నిశ్చయించుకున్నా. మార్చిలో మార్టినా హింగిస్‌తో జత కట్టింది. కట్టగానే ఇండియన్ వెల్స్, మయామి, చార్లెస్టన్ వరసగా గెలిచారు. ఈ జంట వింబుల్డన్‌లో ఎక్కడిదాకా వెళ్తుందో ఎవరికి తెలుసు? తెలియకుండానే సెలవు పెట్టేశా, టికెట్ కొనేశా.

"రెండో వారం దాకా ఉంటారని అంత నమ్మకమా?" అంది చెల్లి.

నమ్మకమే. మహిళల డబుల్స్‌లో 64 జంటలు దిగుతాయి. కప్పు కావాలంటే ఆరు మ్యాచ్‌లు గెలవాలి. ఆ ఆరింటికీ సరిపడా సత్తా వీళ్లలో ఉందని నాకు అనిపించింది, అంతే.

జూలై 10, శుక్రవారం

ఒంట్లో ఇంకా హైదరాబాద్ టైమే నడుస్తోంది. మధ్యాహ్నం దాకా పడుకుని, ఆలస్యంగా బయలుదేరాం. రైళ్లు మళ్లీ నడుస్తున్నాయి. పికడిల్లీ లైన్‌లో ఎర్ల్స్ కోర్ట్ దాకా, అక్కడ డిస్ట్రిక్ట్ లైన్ మారి సౌత్‌ఫీల్డ్స్ దాకా. వింబుల్డన్ అనే స్టేషన్ కూడా ఉంది కానీ, టెన్నిస్‌కి సౌత్‌ఫీల్డ్సే దగ్గర. దిగాక పావుగంట నడక. దారి అడగాల్సిన పని లేదు, జనం వెనక నడిస్తే చాలు.

లోపల అడుగుపెట్టేసరికే సానియా జంట ఫైనల్ చేరిపోయింది. సెమీఫైనల్లో అమెరికా జంట రాకెల్ కాప్స్-జోన్స్, అబిగైల్ స్పియర్స్ మీద 6-1, 6-2. గంట లోపే అయిపోయిందట. ఆ మ్యాచ్ పోయిందని మనసు చివుక్కుమంది. కానీ ఆ అంకెలు చూస్తే ధైర్యం కూడా వచ్చింది. ఇప్పటిదాకా ఒక్క సెట్ కూడా ఇవ్వకుండా ఫైనల్‌కి వచ్చారు.

మిగతా సాయంత్రం ఊరికే తిరిగాం. టీవీలో సెంటర్ కోర్టు తప్ప పెద్దగా కనపడదు గాని, ఇక్కడ కోర్టుల మధ్య నడుస్తుంటే పెద్ద తోటలో ఉన్నట్టుంటుంది. గడ్డిని సరిగ్గా 8 మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరిస్తారు. రెండో వారం చివరికి ఆ గడ్డి బేస్‌లైన్ దగ్గర అరిగిపోయి మట్టి రంగు తేలింది. నెట్ దగ్గర మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. సింగిల్స్ ఆడేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కువగా వెనకే ఉండి ఆడతారని ఆ నేల చెబుతోంది. ముందుకొచ్చి బంతిని గాలిలోనే కొట్టే ఆట చూడాలంటే ఇప్పుడు డబుల్స్‌కే రావాలి.

కొండ మీద, అంటే ఒకటో నంబర్ కోర్టు పక్కనున్న ఆ గడ్డి ఏటవాలు మీద, పెద్ద తెర ముందు వేలమంది. రోజర్ ఫెడరర్, బ్రిటన్ ఆటగాడు ఆండీ మరేల సెమీఫైనల్. ఫెడరర్ మూడు సెట్లలో గెలిచాడు. బ్రిటన్ జనం మౌనంగా దుప్పట్లు మడుచుకుని లేచారు. చెల్లి స్ట్రాబెర్రీలు, క్రీమ్ తెచ్చింది. గిన్నె రెండున్నర పౌండ్లు పడింది. ఇద్దరం ఒకే గిన్నెలో తిన్నాం.

వెళ్లే ముందు రేపటి ఆటల పట్టిక చూశాం. సెంటర్ కోర్టులో మధ్యాహ్నం 2 గంటలకు మహిళల సింగిల్స్ ఫైనల్. తర్వాత పురుషుల డబుల్స్ ఫైనల్. దాని తర్వాత, మూడో ఆటగా, మహిళల డబుల్స్ ఫైనల్. 2015లో పురుషుల డబుల్స్ ఇక్కడ అయిదు సెట్ల ఆట. అది ఎప్పుడు ముగుస్తుందో ఎవరూ చెప్పలేరు. మనవాళ్ల ఆటకు మిగిలేది ఆ తర్వాతి పొద్దే.

జూలై 11, శనివారం

తెల్లవారుజామున 4 గంటలకే లేచి కూర్చున్నా. వింబుల్డన్ పార్కులో క్యూ చేరేసరికి ఎండ అప్పుడే పడుతోంది. ఇక్కడి క్యూ గురించి చాలా విన్నాను, చూస్తే ఇంకా ముచ్చటేసింది. వరస చివర ఒకాయన జెండా పట్టుకుని నిలబడతాడు. చేరగానే తేదీ, నంబర్ వేసిన కార్డు చేతిలో పెడతారు. ఆ కార్డు ఉంటే మన స్థానం మనదే, తోసుకోవడం ఉండదు. రాత్రే వచ్చి గుడారాలు వేసుకున్నవాళ్లూ ఉన్నారు.

ఒక చిక్కుంది. చివరి నాలుగు రోజులు సెంటర్ కోర్టు సీట్లు క్యూలో అమ్మరు. మాకు దొరికేది లోపలికి వెళ్లే టికెట్ మాత్రమే. దాంతో చిన్న కోర్టులు చూడొచ్చు, కొండ మీద కూర్చోవచ్చు. సెంటర్ కోర్టులో అడుగుపెట్టాలంటే ఇంకో దారి ఉంది. ఈ ఏడాది ముందే వెళ్లిపోయేవాళ్లు తమ టికెట్లను గేటు దగ్గరి డబ్బాల్లో వేసిపోతున్నారు. వాటిని పైన 18వ కోర్టు దగ్గర చిన్న గది నుంచి మళ్లీ అమ్ముతున్నారు. ధర తక్కువ, ఆ డబ్బు మంచి పనులకు ఇస్తారు. అంటే ఎవరైనా ఆట మధ్యలో లేచి వెళ్తేనే మాకు సీటు.

మధ్యాహ్నం కొండ మీద కూర్చుని సెరెనా, ముగురుజా ఫైనల్ తెర మీద చూశాం. సెరెనా 6-4, 6-4. చివర్లో ముగురుజా బాగా పోరాడింది. ఆ ఆట కాగానే పరుగున వెళ్లి టికెట్ల వరసలో నిలబడ్డాం.

పురుషుల డబుల్స్ ఫైనల్ అప్పుడే మొదలైంది. ఒకవైపు జీన్-జూలియన్ రోజర్, హోరియా టెకావు. సెమీఫైనల్లో మన బోపన్న జంటను అయిదో సెట్లో 13-11తో ఓడించింది వీళ్లే. రెండోవైపు జేమీ మరే, పియర్స్. బ్రిటన్ ఆటగాడు ఉన్నాడు కాబట్టి జనం కదల్లేదు. మా వరస కూడా కదల్లేదు. నా ముందు నిలబడిన ఒక పెద్దావిడ, తెల్లజుట్టు, చేతిలో దారం అల్లిక, "మీరు ఎవరి కోసం?" అని అడిగింది. సానియా కోసం అన్నా. "నేను హింగిస్ కోసం. 1997లో ఆమె సింగిల్స్ గెలిచినప్పుడు ఇక్కడే ఉన్నా" అంది. అప్పుడు హింగిస్‌కి 16 ఏళ్లు. ఇప్పుడు 34. ఆట మానేసి, మళ్లీ తిరిగొచ్చి, ఇప్పుడు డబుల్స్‌లో రెండో జీవితం. ఇక్కడ ఆమె చివరిసారి డబుల్స్ గెలిచింది 1998లో, యానా నొవోత్నాతో. 17 ఏళ్ల కిందట.

సానియాకి కూడా ఈ గడ్డితో పాత లెక్క ఉందని చెప్పాను. 2003లో, 16 ఏళ్లప్పుడు, ఇదే వింబుల్డన్‌లో అలిసా క్లెయ్‌బనోవాతో కలిసి బాలికల డబుల్స్ గెలిచింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నాకు ఇంకా గుర్తుంది. మా వీధిలో ఆడపిల్లలు రాకెట్ పట్టుకోవడం ఆ తర్వాతే చూశాను. ఆ తర్వాత సింగిల్స్‌లో పేరు, మణికట్టు గాయం, ఆపరేషన్, చివరికి సింగిల్స్ వదిలేయడం. సింగిల్స్ వదిలేసిందనగానే ఇక అయిపోయిందన్నారు చాలామంది. నాకు ఆ మాట అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. డబుల్స్ అంటే మిగిలిపోయినవాళ్లు ఆడే ఆట కాదు. అది వేరే ఆట. కోర్టు వెడల్పు 27 అడుగుల నుంచి 36 అడుగులవుతుంది. నలుగురు మనుషులు, బంతి గీత దాటేలోపు నిర్ణయాలు. నీ కాళ్లు నీ బుద్ధి ఎంత ఉన్నా, పక్కమనిషి ఎటు కదులుతుందో ముందే తెలియకపోతే మధ్యలోంచి బంతి పోతుంది.

రోజర్ జంట మూడు సెట్లలో ముగించింది. అప్పుడు కదిలింది జనం. గేట్ల వైపు గుంపులు గుంపులుగా. ఆ రోజు వాళ్ల ఆట అయిపోయింది మరి. మా వరస ఒక్కసారిగా ముందుకు జరిగింది. ప్రతి మనిషి వెళ్లిపోతుంటే నాకు ఒకవైపు సంతోషం, ఒకవైపు బాధ. ఫైనల్ అది! వింబుల్డన్ ఫైనల్! ఒక్కరు గెలిచే సింగిల్స్‌కి ఈ ఏడాది 18 లక్షల 80 వేల పౌండ్లు ఇచ్చారు. డబుల్స్ గెలిచిన ఇద్దరికీ కలిపి 3 లక్షల 40 వేలు. డబ్బు మాట పక్కన పెట్టినా, మహిళల డబుల్స్ ఇక్కడ 1913 నుంచి ఛాంపియన్‌షిప్ ఆట. నూరేళ్లు దాటింది. ఇంకా పొద్దు మిగిలితేనే దాని వంతు.

మాకు రెండు సీట్లు దొరికాయి. పక్కపక్కన కాదు, ఎక్కడో దూరంగా. "పర్లేదక్కా, నువ్వు ముందు వెళ్లు" అని చెల్లి నన్ను తోసింది.

మెట్లు ఎక్కి లోపలికి వెళ్లిన క్షణం... సెంటర్ కోర్టు టీవీలో కనిపించేంత పెద్దది కాదు. 15 వేలమంది పట్టే చోటు అంత దగ్గరగా, చుట్టంలా ఉంటుందనుకోలేదు. సానియా సర్వీస్ ముందు బంతిని నేలకు కొట్టే చప్పుడు నా సీటు దాకా వినిపించింది.

అవతల ఎకటెరీనా మకరోవా, ఎలెనా వెస్నినా. రెండో సీడ్, అంటే టోర్నీలో రెండో బలమైన జంటగా లెక్కించినవాళ్లు. వీళ్ల నలుగురి మధ్య పాత లెక్కలు చాలా ఉన్నాయి. 2011 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో సానియా పక్కన ఆడింది ఈ వెస్నినాయే. ఆ రోజు ఇద్దరూ కలిసి ఓడిపోయారు. 2014 యూఎస్ ఓపెన్ ఫైనల్లో పెనెట్టాతో కలిసి ఆడిన హింగిస్‌ని ఓడించింది ఈ మకరోవా, వెస్నినాలే. డబుల్స్‌లో ఇది మామూలే. నిన్న పక్కన నిలబడిన మనిషి ఇవాళ నెట్‌కి అవతల ఉంటుంది. నీ బలహీనత ఏమిటో ఆమెకు నీ కోచ్‌తో సమానంగా తెలుసు.

మొదటి సెట్ 5-7, పోయింది. మకరోవా ఎడమచేతివాటం. ఆమె సర్వీస్ పక్కకు వంపు తిరిగి పోతుంటే తిరిగి కొట్టడానికి కోర్టు వదిలి బయటకు పోవాల్సి వస్తుంది. ఈ టోర్నీలో మనవాళ్లు ఓడిన తొలి సెట్ అది. రెండో సెట్ 6-6 అయి టైబ్రేక్‌కి, అంటే సెట్‌ని తేల్చే చివరి గేమ్‌కి, వెళ్లింది. నా చేతులు చల్లబడ్డాయి. పక్క సీటాయన నా టెన్షన్ చూసి తన నీళ్ల సీసా ఇచ్చాడు. టైబ్రేక్ 7-4తో మనవాళ్లది.

ఆ టైబ్రేక్‌లో ఒకటి గమనించాను. సానియా కుడివైపు, హింగిస్ ఎడమవైపు. సానియా ఫోర్‌హ్యాండ్ ఎంత బలంగా ఉంటుందో అందరికీ తెలుసు. నేను చూసింది ఆ ఫోర్‌హ్యాండ్ కొట్టకముందు హింగిస్ వేసే అడుగు. సానియా రాకెట్ వెనక్కి లాగుతుండగానే హింగిస్ నెట్ మధ్యకు జరిగిపోయేది. బలమైన దెబ్బకు అవతలివాళ్లు తేలిగ్గా తిరిగి ఇచ్చే బంతి ఎటు వస్తుందో ఆమెకు ముందే తెలుసు. అక్కడ నిలబడి మెత్తగా పక్కకు తోసేసేది. పాయింట్ హింగిస్‌ది అని రాస్తారు. కానీ ఆ పాయింట్ ఇద్దరిదీ. టీవీలో కెమెరా బంతిని చూస్తుంది కాబట్టి ఈ అడుగు మనకు కనపడదు. దీన్ని చూడ్డానికే ఇంత దూరం వచ్చానని అప్పుడు అర్థమైంది.

మూడో సెట్. 2-5.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మామూలు టోర్నీల్లో మహిళల డబుల్స్‌కి పూర్తి మూడో సెట్ ఉండదు. 10 పాయింట్ల టైబ్రేక్ పెట్టి తేల్చేస్తారు. డ్యూస్ దగ్గర, అంటే గేమ్ 40-40తో సమానమైనప్పుడు, ఒకే పాయింట్‌తో గేమ్ ముగిస్తారు. టోర్నీ తొందరగా అయిపోవాలి కదా. వింబుల్డన్‌లో అలా కాదు. డ్యూస్ ఎన్నిసార్లు వచ్చినా ఆడాలి. మూడో సెట్ పూర్తిగా ఆడాలి, 2015 నాటికి అందులో టైబ్రేక్ కూడా లేదు. 2-5 నుంచి తిరిగి రావడానికి చోటు ఉందంటే ఈ పద్ధతి వల్లే. ఆ పది పాయింట్ల లెక్కయితే అప్పటికే ఇళ్లకు పోయేవాళ్లం.

3-5. 4-5. నేను లెక్క పెట్టడం మానేసి నేల వైపు చూస్తున్నా. 5-5!

అప్పుడు ఆట ఆపేశారు. వెలుతురు చాలట్లేదు. పైకప్పు మూసి దీపాలు వేసి ఆడిస్తామన్నారు. ఆటగాళ్లు లోపలికి వెళ్లారు. 2009లో వచ్చిన కప్పు ఇది. రెండు వైపులనుంచి తెల్లటి గుడ్డ మడతలు విప్పుకుంటూ మెల్లగా వచ్చి మధ్యలో కలుస్తాయి. జనం అంతా తలలెత్తి చూస్తున్నారు. నేను మాత్రం మెట్లు దిగి చెల్లిని వెతుక్కున్నా. నడవాలో దొరికింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. అది నా చేయి పట్టుకుంది, చెమటతో తడిసి ఉంది. అమ్మకు ఫోన్ చేశాం. హైదరాబాద్‌లో అప్పటికి అర్ధరాత్రి దాటి చాలాసేపైంది. ఒక్క రింగుకే ఎత్తింది. "ఎందుకాపారే? ఏమైంది?" అంది. టీవీ ముందే కూర్చుని ఉంది.

దీపాల కింద కోర్టు వేరేలా ఉంది. గడ్డి ఎక్కువ పచ్చగా కనిపించింది. కప్పు కింద బంతి చప్పుడు కూడా మారిపోయింది, ప్రతి దెబ్బా గోడలకు తగిలి తిరిగొస్తోంది. సగం పైగా ఖాళీగా ఉంటుందనుకున్న కోర్టులో ఇంకా ఎంతోమంది ఉన్నారు. మధ్యాహ్నం వచ్చినవాళ్లు కొందరు, మాలా వరసలో నిలబడి వచ్చినవాళ్లు కొందరు. దారం అల్లిక ఆవిడ నాకు రెండు వరసల కింద కనిపించింది. అల్లిక ఒడిలో పెట్టుకుని రెండు చేతులూ జోడించి కూర్చుంది.

రెండు గేములు. అంతే ఆడారు. రెండూ మనవాళ్లవే. 5-7, 7-6, 7-5.

సానియా, హింగిస్ ఒకరినొకరు పట్టుకుని నిలబడిపోయారు. నేను అరిచానో ఏడ్చానో నాకు తెలియదు. మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి భారత మహిళ నా కళ్ల ముందు ఉంది. మిక్స్‌డ్‌లో, అంటే ఆడ-మగ జంటల ఆటలో, మూడు గెలిచింది కానీ, ఇది కావాలని ఎన్నేళ్లు ఎదురుచూసిందో. వెస్నినా నెట్ దగ్గరకు వచ్చినప్పుడు ఆమె ముఖం చూసి గుండె బరువెక్కింది. 5-2 నుంచి ఓడిపోవడం తేలికా? వెండి కప్పు ఇద్దరి చేతుల మధ్య పైకి లేచింది.

బయటికి వచ్చేసరికి చీకటి పడింది. సౌత్‌ఫీల్డ్స్ దాకా ఇద్దరం ఒక్కో పాయింటూ తిరిగి ఆడుకుంటూ నడిచాం. తను కూర్చున్న వైపు నుంచి చెల్లి చూసినవి నేను చూడలేదు, నేను చూసినవి అది చూడలేదు.

జూలై 12, ఆదివారం

ఒళ్లు నొప్పులు. అయినా మళ్లీ క్యూ.

ఈరోజు మనవాళ్లకు ఇంకా రెండు కప్పులు వచ్చాయి, రెండూ డబుల్స్‌లోనే. బాలుర డబుల్స్‌లో సుమిత్ నాగల్, వియత్నాం కుర్రాడు లీ హోవాంగ్ నామ్‌తో కలిసి గెలిచాడు. సాయంత్రం, జొకోవిచ్ ఫెడరర్‌ని ఓడించాక, మిక్స్‌డ్ డబుల్స్ ఫైనల్. లియాండర్ పేస్, హింగిస్. 6-1, 6-1. మంచినీళ్లు తాగినంత తేలిగ్గా ఆడారు. నిన్న రాత్రి అంతసేపు ఆడిన హింగిస్ ఈరోజు అలసట అన్నదే చూపించలేదు. మధ్యలో కాసేపు చినుకులు పడ్డాయి, కొండ మీద గొడుగులు విచ్చుకున్నాయి, మళ్లీ మూసుకున్నాయి. ఈసారి సెంటర్ కోర్టు సీటు కోసం ప్రయత్నించలేదు. నిన్నటి చోటు నిన్నటిలాగే మనసులో ఉండనీ అనిపించింది.

జూలై 13, సోమవారం

హీత్రూలో, విమానం కోసం ఎదురుచూస్తూ ఇది రాస్తున్నా. పర్సులో నిన్నమొన్నటి క్యూ కార్డులు, ఎవరో తెలియని మనిషి వదిలి వెళ్లిన ఆ సెంటర్ కోర్టు టికెట్ ఉన్నాయి. ఆ సీటు అసలు మనిషి ఎవరో, ఎందుకు ముందే వెళ్లిపోయారో. దాని మీద వరస నంబర్ చూసినప్పుడల్లా వాళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తోంది.

ఇందాకే అమ్మ ఫోన్ చేసింది. పేపర్లో సానియా ఫొటో పెద్దది వేశారట. కత్తిరించి దాచిందట. కాసేపాగి అడిగింది: "ఆ పక్కనున్న పిల్ల ఎవరే? ఆమె కూడా బాగా ఆడింది కదా."

విమానం ఎక్కడానికి ఇంకా గంట టైముంది. 1996 నుంచి మొదలుపెట్టి చెబుతున్నా.